అంటు

సూర్ ఊరి చివర, ఉప్పునీటి ప్లాంటు వెనక షెడ్డులో
పాడైన గొట్టాన్ని బల్లమీద పడుకోబెట్టి
రంపంతో నిలువునా కోస్తోంది నస్రా.
ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు పోస్టుమార్టం.

పై డొక్క ఊడింది.
లోపల చాపచుట్టలా పొరమీద పొర.
ఒక్కో ఆకూ విప్పుతుంటే ముందు వాసన వచ్చింది,
మూడు రోజుల నాటి చేపలబుట్ట వాసన.
తరవాత రంగు. డికాషన్ రంగు బంక,
గీస్తే వేలికి అంటుకుని
సబ్బుకీ పోనంటోంది.

సముద్రం ఎర్రబారిన నెల అది.
రాత్రుళ్లు అలలు నీలంగా వెలుగుతుంటే
పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని చూపించారు జనం.
ప్లాంటులో ప్రెషరు ముల్లు
ఎర్రగీత దాటి అక్కడే నిలబడిపోయింది.
పదిహేడో రోజుకి నీళ్లు సగం.
ట్యాంకరు దగ్గర వరస, వరసలో తగువు,
తగువులో పగిలిన ఒక నీలం డబ్బా.

గుమ్మం దగ్గర కుర్చీలో తాత ఖల్ఫాన్.
ఎనభై దాటాయి. పడవల అడుగులు గీకిన చేతులు.
పాటు వేళ పడవ ఒడ్డున ఒరిగితే
గుల్లల్ని గీకి, సున్నంలో మేకకొవ్వు కలిపి
కొయ్య కనపడకుండా అరచేత్తో పులిమేవాడు.
"ఎన్నాళ్లు ఆగేది?"
"సముద్రానికి తోచినన్నాళ్లు."

నస్రా దగ్గర ఉన్నది తెల్లటి పొడి.
ఆలిచిప్ప రాయిని కరుచుకునే జిగురుకి దగ్గరి చుట్టం.
నీళ్లలో కలిపి గాలి తగలనిస్తే
కాసేపటికి లేత గులాబీ, పొద్దువాలేసరికి గోధుమ,
తెల్లారితే నలుపు.
పొరని అందులో నానబెట్టింది.
నలుపు పట్టుకున్నాక, నిమ్మకొమ్మకి కట్టినట్టు
దానిమీద మరో అంటు:
కంటికి ఆనని పోగులు,
ప్రతి పోగుమీదా ఒక కూడిక గుర్తు,
దాని పక్కనే తీసివేత.

అంటకుండా ఉండడానికి అంటు కట్టడం!
ఈ మాట రాస్తూ నవ్వబోయి ఆగాను.
మన భాషలో ఆ ఒక్క మాటలోనే
ఎంగిలి గిన్నె, పూలకొమ్మ, ఊరంతా పాకే దగ్గు,
దూరంగా నిలబెట్టిన మనిషి.

తామరాకుని తరతరాలుగా మెచ్చుకుంటున్నాం,
బొట్టుని దొర్లించి పొడిగా ఉంటుందని.
నస్రా ఆకు అలాంటిది కాదు.
దానికి నీళ్లంటే ప్రాణం.
ఒక్క వరస నీటిని ఒళ్లంతా కప్పుకుని
వదలకుండా కూర్చుంటుంది.
జిడ్డు వస్తుంది, బంక వస్తుంది, కనపడని పురుగు వస్తుంది.
తడిమితే నీళ్లే.
కాలు మోపే చోటు దొరక్క
వచ్చిన వాలులోనే కొట్టుకుపోతాయి.

"మరి తాగే నీళ్లకి దారేదీ?" అన్నాడు తాత.

ఆమె కాసేపు మాట్లాడలేదు.
పూత మందమైతే మురికితోపాటు నీళ్లూ ఆగుతాయి.
పన్నెండు ముక్కలు అలాగే చెత్తబుట్టలోకి వెళ్లాయి.
పదమూడోది మరిచిపోయి తొందరగా బయటికి తీసింది,
ఇంటి నుంచి ఫోను వస్తే.
అదే పనిచేసింది.

ఈసారి పదిహేడో రోజు ఎవరికీ గుర్తులేకుండా గడిచింది.
ఇరవై ఎనిమిదో రోజు ఈద్, షెడ్డుకి తాళం.
నలభై ఒకటో రోజు పొద్దున్న
ముల్లు కదిలింది,
ఎర్రగీత వైపు, బియ్యపుగింజంత.

తాత మిగిలిన ముక్కని బొటనవేలితో రుద్దాడు.
"తుడవలేదా దీన్ని?"
"రెండుసార్లు తుడిచాను."
వేలిని దిష్‌డాషాకి రాసుకుని మళ్లీ రుద్దాడు.
"నా సున్నం మూడు నెలలు ఆగేది," అన్నాడు.
నడుమ ఎన్నిసార్లు గీకేవాడో చెప్పలేదు.

నస్రా నవ్వి
రంపం కోసం లేచింది.